పాత యాంటీవైరస్ తీసేశాకే డిఫెండర్ నిద్రలేచింది

నాన్నగారి ల్యాప్‌టాప్‌లో రోజూ అదే గోల, "సబ్‌స్క్రిప్షన్ అయిపోయింది, రెన్యూ చేయండి" అంటూ కింద మూలన ఎర్ర డబ్బా. కొన్నప్పుడు ట్రయల్‌గా వచ్చిన యాంటీవైరస్ అది, గడువు తీరి ఏడాదైంది. ఈలోపు ఆయన జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో వైరస్ పట్టి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లైపోయి కూర్చున్నాయి, పింఛను కాగితాల స్కాన్లు కూడా అందులోనే, ఇంక టెన్షన్ చూడాలి!

విండోస్ సెక్యూరిటీ తెరిస్తే విషయం అర్థమైంది. వేరే యాంటీవైరస్ ఉంటే విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ తనంతట తానే పక్కకి తప్పుకుంటుంది, ఇక్కడ ఆ ఉన్నదేమో పని చేయడం మానేసింది. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ దానంతటదే ఆన్ అయింది, పైసా ఖర్చు లేదు. (2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఇది సిస్టంలోనే ఉంటోంది, అంతకుముందు సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని విడిగా దించుకునేవాళ్లం.)

ముందు అప్‌డేట్ చేసి, తర్వాత స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాను. సిస్టం రీస్టార్టై, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది, ఓ 15 నిమిషాలు పట్టింది, అంతసేపూ నాన్నగారు "పాడు చేశావురా" అంటూనే ఉన్నారు. పెన్‌డ్రైవ్‌ని విడిగా స్కాన్ చేస్తే షార్ట్‌కట్లు పట్టుబడ్డాయి. అసలు ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, దాచిపెట్టి ఉన్నాయంతే, దాచిన ఫైళ్లను మళ్లీ కనిపించేలా చేసే అట్రిబ్ (attrib) కమాండ్‌తో బయటికి తెచ్చాను.