బంతి మెరుపు చూశామన్నవాళ్ల మాట ఎలా రాసుకోవాలి

ఉరుములు మెరుపుల వేళ గాల్లో కాసేపు తేలుతూ కనబడిందని చెప్పే వెలుగు ముద్దే బంతి మెరుపు (ball lightning). మా పలమనేరు వైపు ఎవరైనా "నిప్పుముద్ద ఇంట్లోకొచ్చి పోయింది" అంటే నవ్వకండి, పూర్తిగా చెప్పనివ్వండి. "నీలంగా ఉందా?" అని మీరే రంగు అందించొద్దు. "ఏ రంగవ్వా?" అంటే చాలు.

సైజు దగ్గరే అందరూ తడబడతారు. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టమనండి. దానంత ఉందా, ఇంకా పెద్దదా? తర్వాత వాళ్లు నిలబడిన చోటి నుంచి అది కనబడిన చోటికి టేపుతో కొలవండి. 3 మీటర్ల దూరంలో బొటనవేలి వెడల్పు ఉందంటే సుమారు 10 సెంటీమీటర్లు. ఎంతసేపు అని అడగకండి. అది పోయిన దారిని వేలితో చూపించమని మీరు ఫోన్‌లో టైం చూసుకోండి. చాలావరకు కొన్ని సెకన్లే వస్తుంది. గంధకం వాసన, బుసబుస శబ్దం, పేలిందా, ఊరికే మాయమైందా, ఇవీ రాయండి.

చూపు తిప్పినప్పుడల్లా అదీ తిరిగిందంటే మెరుపు వెలుగుకు కంట్లో మిగిలిన మచ్చ కావచ్చు. దగ్గర్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే నా అనుమానం ముందు దాని నిప్పురవ్వల మీదికే పోతుంది.

2012లో చైనాలో పిడుగు పడినచోట పుట్టిన గోళం కాంతిని పరికరాలతో నమోదు చేస్తే, మట్టిలో ఉండే సిలికాన్, ఇనుము, కాల్షియం కనిపించాయి. కాబట్టి పిడుగు పడిన చోటు, అక్కడి నేల రకం తప్పకుండా రాయండి. చూడ్డానికి మాత్రం ఉరుములు ఆగి అరగంట అయ్యాకే వెళ్లండి.