నేల ఉసిరి ఫొటో తీస్తున్నారా? ఆకు తిప్పండి

వానలు మొదలయ్యాక పెరట్లో మొలిచిన మొక్కను పైనుంచి ఫొటో తీసి ‘ఇది నేల ఉసిరేనా?’ అని అడుగుతారు. పైనుంచి చూస్తే చిన్న చింత మొలక కూడా అలాగే ఉంటుంది! రెమ్మను వెనక్కి తిప్పి తీయండి. ఆకుల వరుస కింద ఆవగింజలకన్నా కాస్త పెద్దవైన ఆకుపచ్చని కాయలు పూసలు గుచ్చినట్టు కనిపిస్తే నేల ఉసిరి జాతే.

అక్కడితో ఆగకండి. కాయలు నున్నగా ఉండి, చిన్న తొడిమతో వేలాడుతుంటే అది శాస్త్రీయ నామంలో ఫిలాంథస్ అమారస్ అయి ఉండవచ్చు, మనం మామూలుగా నేల ఉసిరి అనేది. తొడిమ లేనట్టే కాండానికి అతుక్కుని, పైన గరుకుగా బొడిపెలు ఉండి, కాండంలో ఎరుపు కనిపిస్తే ఫిలాంథస్ యూరినేరియా. పాత పుస్తకాల్లో మన మొక్కకు ఫిలాంథస్ నిరూరి అని రాసి ఉంటుంది కానీ, అసలు నిరూరి అమెరికా ఖండాల మొక్క. పేరు రాసేటప్పుడు ఈ తికమక గుర్తుంచుకోండి.

కాయలు ఇంకా రాలేదా? కాండం గిల్లి చూడండి. తెల్లని పాలు కారితే అది నేల ఉసిరి కాదు, నానబాలు జాతిది అయి ఉండవచ్చు. ఆ పాలు కంట్లో పడితే మంట భరించలేం, చేతులు వెంటనే కడుక్కోండి.

ఫొటోలో పక్కన ఒక రూపాయి నాణెం పెడితే కాయ పరిమాణం కూడా తెలుస్తుంది.