చలికి పాత డీజిల్ బండి స్టార్ట్ అవ్వట్లేదా? ముందు పొగ చూడండి

పొద్దున్నే సెల్ఫ్ కొడితే బండి లేవకపోతే చాలామంది వెంటనే బ్యాటరీ మార్చేస్తారు, కానీ అసలు తప్పు వేరే చోట ఉండొచ్చు. ఒకళ్ళని సెల్ఫ్ కొట్టమని మీరు వెనక సైలెన్సర్ దగ్గర నిలబడండి, పొగ వస్తోందా లేదా అన్నదాన్ని బట్టి సగం విషయం అక్కడే తెలిసిపోతుంది. డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ఉండదు కదా, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి, చలిలో ఆ వేడిని చల్లటి ఇనుము లాగేసుకుంటుంది.

సెల్ఫ్ భారంగా, ఆగి ఆగి తిరుగుతోంది

ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే నొక్కిన గాలి పిస్టన్ పక్కల నుంచి కారిపోయి వేడి పుట్టదు. రాత్రంతా ఆగిన బండికి మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్ ఛార్జ్, 12.2 అంటే సగమే ఉన్నట్టు. బ్యాటరీ బాగానే ఉందా, అయితే ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ వైరు విప్పి రెండు చివర్లూ తళతళలాడేలా గీకండి, నా బండికి ఒక చలికాలం మొత్తం ఇదే రోగం, పైకి చూస్తే వైరు బాగానే కనిపించేది. ఆయిల్ కూడా చూడండి, 20డబ్ల్యు50 చలికి బెల్లం పాకంలా అయిపోతుంది, మీ బండి మాన్యువల్ ఒప్పుకుంటే పల్చటిదానికి మారండి.

సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది, తెల్ల పొగ వస్తోంది, అంటుకోవట్లేదు

ఎక్కువగా వచ్చేది ఇదే. తెల్ల పొగ అంటే డీజిల్ లోపలికి వెళ్తోంది కానీ కాలట్లేదు, కాబట్టి ముందు హీటర్ ప్లగ్గుల (స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ లోపల వేడి పుట్టించేవి) మీదే అనుమానం పెట్టుకోవాలి. కీ ఆన్ చేసి ఆ ప్లగ్గులకి కరెంట్ వదిలే స్విచ్, అంటే రిలే దగ్గర టక్ మంటోందా వినండి, ప్లగ్ దగ్గరికి కరెంట్ వస్తోందా టెస్ట్ ల్యాంప్‌తో చూడండి. వస్తుంటే కీ ఆఫ్ చేసి ప్లగ్గుల వైరు తీసేసి, టెస్ట్ ల్యాంప్ ఒక చివర బ్యాటరీ ప్లస్‌కి, రెండో చివర ఒక్కో ప్లగ్ మొనకి తగిలించండి, వెలిగితే ప్లగ్‌లో కరెంట్ పారుతున్నట్టు, వెలగకపోతే అది కాలిపోయినట్టే. నాలుగింటిలో ఒకటి పోతే బండి ఎలాగోలా లేచి కాసేపు కుంటుతుంది, రెండు పోతే చలిలో లేవడం కష్టం. మరీ పాత బండ్లలో కొన్నిటికి ప్లగ్గులు వరసగా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి, వాటిలో ఒక్కటి పోయినా అన్నీ ఆగిపోతాయి. ప్లగ్గులకి నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూద్దామని మాత్రం అనుకోకండి, కొన్ని తక్కువ వోల్టేజీవి ఉంటాయి, కాలిపోతాయి.

ప్లగ్గులన్నీ మంచివే అయితే కంప్రెషన్ (ఇంజిన్ గాలిని నొక్కే బలం) చెక్ చేయించాలి, రింగులో వాల్వులో అరిగి ఉండొచ్చు, దానికి ఇంటి వైద్యం లేదు.

దయచేసి హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్‌లో ఈథర్ స్ప్రే (బండి లేవడానికి గాలి దారిలో కొట్టేది) కొట్టకండి, కాలుతున్న ప్లగ్‌కి తగిలి ముందే పేలిపోతుంది, పిస్టన్ పగిలిపోవచ్చు.

పొగే లేదు

డీజిల్ అందట్లేదు. కీ ఆన్ చేసినప్పుడు డీజిల్ పంపు మీదున్న స్టాప్ సోలెనాయిడ్ (డీజిల్‌ని వదిలి, ఆపే కరెంటు వాల్వు) చిన్నగా క్లిక్ మనాలి, అనకపోతే దాని వైరు చూడండి. క్లిక్ వస్తోందంటే రాత్రి లైన్లో గాలి పట్టి డీజిల్ ట్యాంక్ వైపు జారిపోయి ఉండొచ్చు, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళ మీదుండే సన్నటి రిటర్న్ పైపులు వయసుకి పగుళ్ళిస్తాయి, అక్కడ తడి కనిపిస్తే మొత్తం సెట్ మార్చేయండి, ఖర్చు తక్కువే. ఫిల్టర్ మీదున్న చేతి పంపు గట్టిపడేదాకా నొక్కి స్టార్ట్ చేస్తే వెంటనే లేచిందంటే తప్పు గాలిదే.

లేచి రెండు నిమిషాల్లో ఆగిపోతోంది

గడ్డకట్టే చలిలో డీజిల్‌లోని మైనం బయటపడి ఫిల్టర్‌ని మూసేస్తుంది, లేదా ఫిల్టర్ అడుగున నీళ్ళు గడ్డకట్టి ఉంటాయి. వేడి నీళ్ళలో ముంచిన గుడ్డ ఫిల్టర్‌కి చుట్టండి, మంట మాత్రం దగ్గరికి తేవద్దు. తర్వాత అడుగున స్క్రూ వదిలి నీళ్ళు తీసేయండి, చలికాలం డీజిల్ పోయించుకోండి. పెట్రోల్ కలపమని ఎవరైనా చెప్పినా కలపకండి, పంపుకి డీజిలే గ్రీజు, పైగా అది తేలిగ్గా అంటుకుంటుంది.

సెల్ఫ్ ఒక్కసారి 10 సెకన్లకి మించి కొట్టకండి, అర నిమిషం ఆగి కీ ఆన్ చేసి డ్యాష్‌బోర్డు మీద హీటర్ లైట్ మళ్ళీ వెలిగి ఆరాక కొట్టండి.