పాఠం బుర్రకెక్కాలంటే, టెన్షన్ తగ్గాలంటే: పరీక్షలు రాసే పిల్లలకు ఇంట్లోవాళ్లు ఎలా సాయపడాలి?

సంక్రాంతి దాటిందంటే పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో వాతావరణమే మారిపోతుంది. టీవీ సౌండ్ తగ్గుతుంది. చుట్టాలు ఫోన్ చేసి ముందుగా అడిగేది "ఎలా చదువుతున్నాడు?" అనే. ప్రీ-ఫైనల్ మార్కులు వచ్చాక ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. పిల్లవాడు పుస్తకం ముందు గంటల తరబడి కూర్చుంటాడు, కానీ ఏం చదివావని అడిగితే చెప్పలేడు.

దాన్ని బద్ధకం అనుకోకండి. ఏదైనా చదివి అర్థం చేసుకోవాలంటే కొన్ని విషయాలను కాసేపు మనసులో పట్టి ఉంచుకోవాలి. ఆ చోటు ఎవరికైనా కొద్దిగానే ఉంటుంది. అందులో "ఫెయిలైతే ఎలా?" అన్న దిగులు చేరితే పాఠానికి ఇక చోటుండదు. అర్థం కాకపోయేసరికి బట్టీ పడతారు. బట్టీ పట్టింది మర్నాటికి మరిచిపోతారు, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. అందుకే టెన్షన్‌ను, చదివే పద్ధతిని వేర్వేరుగా చూడకుండా రెండింటికీ కలిపే సాయం చేయాలి.

1. ముందు భయాన్ని కాగితం మీద పెట్టించండి

చదవడం మొదలుపెట్టే ముందు ఒక తెల్లకాగితం ఇచ్చి, మనసులో ఏం తిరుగుతోందో పది నిమిషాలు రాయమనండి. తప్పొప్పులు దిద్దొద్దు, తను చూపిస్తే తప్ప చదవొద్దు. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షకు ముందు తమ భయాల గురించి రాసుకున్న విద్యార్థులు మెరుగ్గా రాశారు. పరీక్షలంటే బాగా భయపడే పిల్లలకే దీనివల్ల ఎక్కువ మేలు జరిగింది. అందరికీ ఒకేలా పనిచేస్తుందని చెప్పలేం గానీ, పోయేదేమీ లేదు కాబట్టి ప్రయత్నించి చూడొచ్చు.

రాసిన వాటిని రెండు రకాలుగా విడదీయమనండి. "కెమిస్ట్రీలో సమీకరణాలు తుల్యం చేయడం రావట్లేదు" లాంటివి ఈ వారంలో కూర్చుని నేర్చుకోగలిగినవి. "మార్కులు తగ్గితే నాన్న తిడతారు" అన్నది పిల్లల చేతిలో లేనిది. దానికి జవాబు చెప్పాల్సింది నాన్నే. ఎన్ని మార్కులు వచ్చినా ఇంట్లో తన స్థానం మారదని నోరు తెరిచి చెప్పండి. చెప్పకుండానే తెలుసులే అనుకోవద్దు, చాలామంది పిల్లలకు అది తెలియదు.

2. ఊపిరి

గుండె దడ, చేతులకు చెమటలు ఉంటే మనసులో నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలమనండి. పీల్చే సమయం కంటే వదిలే సమయం ఎక్కువ ఉండటం ముఖ్యం. మూడు నాలుగు నిమిషాలు చాలు. ఇది ఇంట్లో అలవాటైతేనే పరీక్ష హాల్లో గుర్తొస్తుంది.

3. ఒక్క పేరా చదివి, పుస్తకం మూసి, చెప్పమనండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. ఉదాహరణకు పదో తరగతి భౌతికశాస్త్రంలో కాంతి వక్రీభవనం తీసుకుందాం.

పాఠాన్ని మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టనివ్వకండి. ముందు శీర్షికలు, బొమ్మలు, చివర ఉన్న ప్రశ్నలు ఐదు నిమిషాలు తిరగేయాలి. తర్వాత "ఈ పాఠంలో నేను తెలుసుకోవాల్సిందేంటి?" అని తనే ఒకటి రెండు ప్రశ్నలు రాసుకోవాలి. ప్రశ్న పెట్టుకుని చదివితే కళ్లు ఊరికే అక్షరాల మీద జారిపోవు.

ఇప్పుడు ఒక పేరా చదివి, పుస్తకం మూసి, సొంత మాటల్లో చెప్పాలి. "కాంతి ఒక యానకం నుంచి మరో యానకంలోకి పోయేటప్పుడు దిశ మార్చుకోవడం వక్రీభవనం" అని గడగడా అప్పజెప్పితే సరిపోదు (యానకం అంటే గాలి, నీరు లాంటి, కాంతి దాటిపోయే పదార్థం). ఒక స్టీలు గిన్నెలో రూపాయి బిళ్ల వేయండి. గిన్నె అంచు అడ్డొచ్చి బిళ్ల కనిపించకుండా పోయేదాకా పిల్లను వెనక్కి జరగమనండి. బిళ్ల కదలకుండా గిన్నెలో మెల్లగా నీళ్లు పోయండి. కనిపించని బిళ్ల కనిపిస్తుంది! అప్పుడు అడగండి: "నీళ్లు పోస్తే రూపాయి పైకొచ్చినట్టు ఎందుకు కనపడిందమ్మా?"

కాంతి వేగం శూన్యంలోనూ గాల్లోనూ సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు, నీటిలో సుమారు 2.25 లక్షలు. ఈ వేగం తేడా వల్లే బిళ్ల నుంచి వచ్చే కాంతి నీళ్లు దాటి గాల్లోకి రాగానే లంబానికి (నీటి మట్టానికి నిట్టనిలువుగా గీసుకున్న గీతకు) దూరంగా వంగుతుంది. మన కన్ను మాత్రం అది తిన్నగానే వచ్చిందనుకుంటుంది, అందుకే బిళ్ల ఉన్నచోటు కంటే పైన కనిపిస్తుంది. ఈ ముక్క తన మాటల్లో చెప్పగలిగిన పిల్లకు పరీక్షలో ప్రశ్నను తిప్పి అడిగినా కంగారుండదు. చెప్పలేకపోతే ఎక్కడ ఆగిందో అక్కడే మళ్లీ పుస్తకం తెరవాలి, పాఠం మొత్తం మొదటి నుంచి చదవక్కర్లేదు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. "మేం పెద్దగా చదువుకోలేదు, మేమేం సాయం చేస్తాం?" అని చాలామంది వెనక్కి తగ్గుతారు. ఈ పనికి మీకు జవాబు తెలియాల్సిన అవసరమే లేదు. "నాకు అర్థమయ్యేలా చెప్పు" అని ఎదురుగా కూర్చోండి, మధ్యలో "ఎందుకు?", "ఒక ఉదాహరణ చెప్పు" అని అడగండి. అమ్మమ్మ అడిగినా సరే. నిజంగా తెలియనివాళ్లకు చెప్పడానికి పిల్లలు ఇంకాస్త విడమరుస్తారు, తమకు ఎక్కడ అర్థం కాలేదో అప్పుడే బయటపడుతుంది.

ఇంగ్లిష్ మీడియం పిల్లలైతే మొదట తెలుగులో చెప్పనివ్వండి. ఇంట్లో తెలుగులో మాట్లాడే పిల్ల రిఫ్రాక్షన్ (వక్రీభవనం) గురించి తెలుగులో ఆలోచించడంలో తప్పేమీ లేదు. విషయం బోధపడ్డాక అదే జవాబును ఇంగ్లిష్‌లో రాయించండి. ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదురు పేజీ తెలుగులో ఉండే పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. అవి దొరికితే ప్రైవేటు బడి పిల్లలకూ పనికొస్తాయి.

లెక్కలకైతే, చేసి ఉన్న లెక్కను చూసి "అర్థమైంది" అనుకోకుండా, సాధనను కాగితంతో మూసి తనే చేయాలి. తెలుగు పద్యాలు కంఠస్థం చేయాల్సిందే, దాన్ని తప్పుపట్టను. కాకపోతే భావం తెలిశాక నేర్చుకుంటే త్వరగా వస్తాయి.

4. చదివిందాన్ని రోజులు గడిచాక మళ్లీ అడగండి

2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠ్యాంశం ఇచ్చారు. కొందరు దాన్నే పదే పదే చదివారు, మరికొందరు చదివాక చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే పదే పదే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మళ్లీ మళ్లీ చదివితే "వచ్చేసింది" అన్న ధైర్యం ఆ పూటకు కలుగుతుంది. అదే పరీక్ష హాల్లో మోసం చేస్తుంది.

కాబట్టి ఈరోజు చెప్పిన పాఠాన్ని రేపు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి అడగండి. ఒక్కోసారి పది నిమిషాలు చాలు. గుర్తు రాక తడబడితే వెంటనే అందించకండి, కాసేపు తంటాలు పడనివ్వండి.

5. నిద్రకు కోత పెట్టొద్దు

13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలన్నది నిద్ర వైద్య నిపుణుల సిఫారసు. చదివింది జ్ఞాపకంలో స్థిరపడటానికీ ఆ నిద్రే ఆధారం. రాత్రి పదకొండింటి దాకా స్టడీ అవర్స్ పెట్టి, పొద్దున్నే ఐదింటికి లేపే హాస్టళ్లు పిల్లలకు అన్యాయం చేస్తున్నాయి. ఫీజు కట్టే తల్లిదండ్రులు దీని గురించి యాజమాన్యాన్ని గట్టిగా అడగాలి. హాస్టల్లో ఉన్నవాళ్లతో ఫోన్లో మాట్లాడేటప్పుడు వారం టెస్టు ర్యాంకుతో మొదలుపెట్టకండి. తిన్నావా, నిద్ర పడుతోందా, గదిలో ఎవరితో స్నేహం కుదిరింది, ఇవి అడగండి.

6. టెన్షన్ హద్దు దాటితే

రోజుల తరబడి నిద్ర లేకపోవడం, అన్నం ముట్టకపోవడం, స్నేహితులకు దూరమవడం, "నేనుండి ఏం లాభం" లాంటి మాటలు వింటే ఆలస్యం చేయొద్దు. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా, నెమ్మదిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆ మాట బయటికి చెప్పుకోవడమే పిల్లలకు ఊరట. అలాంటి ఆలోచన ఉందంటే ఒంటరిగా వదలకుండా వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలూ చేయవచ్చు, మీరూ చేయవచ్చు.

ఫలితాలు వచ్చే రోజు ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు తప్పకుండా పిల్లల పక్కన ఉండండి. తప్పిన సబ్జెక్టును కొన్ని వారాల్లోనే సప్లిమెంటరీలో రాసుకోవచ్చని, అందులో పాసైతే ఆ ఏడాదే పైచదువులో చేరవచ్చని ఫలితాలకు ముందు రోజే చెప్పి ఉంచండి.