ఉపగ్రహాలు చూద్దాం – మూడో పాఠం: నీడలోకి జారే చోటు

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన ఆకాశంలో కనిపించే వేళల పట్టిక చదవడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. ఆ పట్టికలో చివరి గడి దగ్గర చాలామంది ఆగిపోతారు. కేంద్రం ఇంకా 50 డిగ్రీల ఎత్తులో (దిగంతం 0, నడినెత్తి 90) ఉండగానే కనుమరుగవుతుందని ఉంటుంది. దిగంతం దాకా పోకుండానే మధ్యలో ఎక్కడికి పోతుంది?

ఎక్కడికీ పోదు, దాని మీద ఎండ ఆగిపోతుంది, అంతే. మనం చూసే వెలుగంతా దాని మీద పడే సూర్యకాంతే. విశాఖలో పొద్దుగుంకాక కూడా 400 కిలోమీటర్ల పైన ఎండ కాస్తూనే ఉంటుంది. ఈలోగా భూమి నీడ తూర్పు నుంచి పైకి లేస్తుంది. సూర్యుడు దిగంతానికి దాదాపు 20 డిగ్రీలు కిందికి దిగేసరికి, కేంద్రం తిరిగే ఎత్తులో ఆ నీడ మన నడినెత్తికి వచ్చేస్తుంది. మన దగ్గర సూర్యుడు నిటారుగా దిగిపోతాడు కనుక ఇదంతా గంటన్నరలో జరిగిపోతుంది. లండన్‌లో జూన్ నెలలో సూర్యుడు అంత కిందికి దిగడు కనుక రాత్రంతా చూడొచ్చు. మనకు ఆ వీలు లేదు, అందుకే వేళ తప్పకూడదు.

కానీ మనకు వేరే అదృష్టం ఉంది. సాయంత్రం కేంద్రం పడమటి వైపు నుంచి వస్తుంది, ఆరిపోయేది తూర్పు సగంలో. ఊరి దీపాలన్నీ వెనక ఉండిపోతాయి, ఎదురుగా చీకటి సముద్రం. ఆర్కే బీచ్‌లో నిలబడితే ఒక్కోసారి డాల్ఫిన్ నోస్ కొండ వైపు నుంచి లేచి, తీరం వెంబడే భీమిలి వైపు సాగుతుంది. మన తీరం, దాని దారి రెండూ నైరుతి నుంచి ఈశాన్యానికే! ఇంకోసారి వాయవ్యం నుంచి వచ్చి సముద్రం మీదుగా ఆగ్నేయానికి పోతుంది.

ఈ వారం అభ్యాసం. చేయి చాచి పిడికిలి బిగించండి, అది సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి పిడికిలి మీద పిడికిలి పేర్చి, పట్టికలో రాసిన ఎత్తును ముందే గుర్తు పెట్టుకోండి. మిణుకుమిణుకుమనే దీపాలు, ఎరుపు, ఆకుపచ్చ రంగులు కనిపిస్తే అది విమానం. మిణుకు లేకుండా జారే తెల్లని చుక్క మీద చూపు నిలపండి. ఆరే ముందు కొన్ని సెకన్లు దాని రంగు నారింజలోకి తిరుగుతుంది, బైనాక్యులర్ ఉంటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. కేంద్రంలో ఉన్న వ్యోమగాములకు అది సూర్యాస్తమయం. ఏ నక్షత్రం పక్కన, ఎన్ని పిడికిళ్ల ఎత్తులో, ఏ నిమిషాన ఆరిందో వెంటనే రాసుకోండి. ఫోన్ తెర మాత్రం అప్పటిదాకా వెలిగించొద్దు.

మరో సాయంత్రం, ఇంకాస్త పొద్దుపోయాక వచ్చే రాకను చూసి పోల్చండి. ఆరే చోటు పడమరకు జరిగి ఉంటుంది. వచ్చే పాఠంలో తెల్లవారుజాము రాకలు: అప్పుడు ఉన్నట్టుండి నడి ఆకాశంలో వెలుగుతుంది.