ముహూర్తాల ముందు కెమెరా కొనేవారికి జాగ్రత్తలు: దుకాణంలో కొనాలా, ఆన్‌లైన్‌లో కొనాలా?

భాద్రపదంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఫొటోగ్రాఫర్లకు అది తీరుబడి కాలం. ఆ నెల గడవగానే దసరా వస్తుంది, దసరాతో పాటే ఆన్‌లైన్ ఆఫర్లూ, ఊళ్లోని దుకాణాల పండుగ తగ్గింపులూ వస్తాయి. దీపావళి దాటిందంటే కార్తీక, మార్గశిర ముహూర్తాల హడావిడి మొదలవుతుంది. కొత్త బాడీయో (లెన్సు లేని కెమెరా), లెన్సో, ఫ్లాషో కొనాలని ఏడాదంతా అనుకున్నవారిలో చాలామంది ఈ కొద్ది వారాల్లోనే కొంటారు, దెబ్బ తినేవారు కూడా ఈ వారాల్లోనే తింటారు. ఆన్‌లైన్‌లో పెట్టె విప్పితే ఇటుక ముక్క బయటపడుతుందని కొందరు భయపెడతారు. దుకాణంలో అడుగుపెడితే మొహం చూసి ధర చెబుతారని మరికొందరు అంటారు. రెండు చోట్లా కొని, రెండు చోట్లా నష్టపోయిన అనుభవంతో నాకు తెలిసిన జాగ్రత్తలు రాస్తున్నాను.

ధర సంగతికి వెళ్లేముందు తేదీ సంగతి తేల్చుకోవాలి. కొన్నేళ్ల క్రితం దసరా ఆఫర్‌లో ఒక 24-70 జూమ్ లెన్సు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. పెట్టె మీద పసుపు కుంకుమ పెట్టి ఆయుధ పూజలో ఉంచి, మంచి పెళ్లికే మొదట వాడదామని సీలు విప్పకుండా బీరువాలో దాచాను. కార్తీకంలో తొలి పెళ్లికి తీసుకెళ్లి, స్టేజీ మీద బంధువుల గ్రూపు ఫొటోలన్నీ దానితోనే తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే ఒకే వరుసలో నిలబడినవారిలో ఎడమవైపు వారు స్పష్టంగా ఉన్నారు, కుడివైపు వారు ప్రతి ఫొటోలోనూ మసకగా ఉన్నారు. లోపలి గాజు ఒకటి సరిగ్గా కూర్చోక కాస్త ఒరిగి ఉందని తరువాత తెలిసింది. మార్చి ఇచ్చే గడువు 7 రోజులు, అది సరుకు ఇంటికి చేరిన రోజు నుంచే లెక్క. నేను పెట్టె విప్పేసరికి నెల దాటింది. వారంటీలో బాగుచేశారు కానీ, అది తిరిగి వచ్చేసరికి ముహూర్తాలు అయిపోయాయి.

అందుచేత కొనేది ఎక్కడైనా సరే, మొదటి బుకింగుకు కనీసం మూడు వారాల ముందు వస్తువు చేతికి వచ్చేలా చూసుకోండి, వచ్చిన రోజే విప్పండి, పూజ విప్పిన కెమెరాకే చేయండి. విప్పాక చేయవలసిన పరీక్షలకు ఖర్చేమీ లేదు. దినపత్రికలో చిన్న అక్షరాలుండే క్లాసిఫైడ్ ప్రకటనల పేజీలను గోడకు చదునుగా అంటించి, కెమెరాను స్టాండు మీద గోడకు సూటిగా నిలిపి, లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రమైన ఎపర్చర్‌ను పూర్తిగా తెరిచి ఫొటో తీసి, నాలుగు మూలల్లోని అక్షరాలను పోల్చి చూడాలి. నాలుగూ ఒకే మోతాదులో కాస్త మసకబారితే అది లెన్సు సహజ గుణం, ఒక వైపే మసకబారితే తేడా ఉన్నట్టు. లెన్సుకు మూత పెట్టి 30 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే, అంటే షట్టరును అంతసేపు తెరిచి ఉంచితే, నల్లటి తెర మీద ఎరుపు, నీలం చుక్కలు (ఫొటోను పట్టే సెన్సరులో తేడా ఉన్న బిందువులు) ఎన్ని వస్తాయో తెలుస్తుంది, అయితే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్‌ను ముందుగా ఆపాలి, లేకపోతే కెమెరాయే వాటిని చెరిపేస్తుంది. తెల్లగోడను ఎఫ్16 దగ్గర, అంటే ఎపర్చర్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి తీస్తే సెన్సరు మీది దుమ్ము కనబడుతుంది. రెండు కార్డు స్లాట్లున్న బాడీ అయితే రెండింటిలోనూ రాయించి చూడాలి, ఫ్లాషును పైన బిగించి ముప్ఫై నలభై సార్లు వెలిగించాలి, మైకు రంధ్రంలో మైకు పెట్టి వినాలి, వీడియో తీసేవారైతే ఫ్యాను ఆపిన గదిలో ఆగకుండా రికార్డు చేసి కెమెరా వేడెక్కి ఆగిపోతుందేమో చూడాలి. మొత్తం కలిపి ఒక పూట పని.

దుకాణంలో కొనడం వల్ల వచ్చే మొదటి లాభం ఈ పరీక్షల్లో సగం కౌంటరు ముందే చేసుకోగలగడం. హైదరాబాదులో కోఠి, ఆబిడ్స్ వైపు దుకాణాల్లో కొన్నా, జిల్లా కేంద్రంలోని తెలిసిన స్టూడియో సామాన్ల కొట్టులో కొన్నా, సీలు మీ కళ్ల ముందే కోయించండి. బ్లేడు తీసేలోపే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన లేదా దిగుమతి అయిన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ ధర, వినియోగదారుల ఫోన్ నంబరు ఉన్న స్టిక్కరు ఉందో లేదో చూడాలి. విదేశం నుంచి వచ్చి ఇక్కడ అమ్మే ప్యాకేజీ మీద ఈ వివరాలు ఉండి తీరాలి. అవి లేని పెట్టె చాలావరకు గ్రే సరుకు, అంటే కంపెనీ ఇండియా విభాగం ద్వారా కాకుండా పక్కదారిన వచ్చినది. కెమెరా నకిలీది కాకపోవచ్చు, పనితీరులో తేడా కూడా ఉండకపోవచ్చు, కానీ ఇక్కడి సర్వీసు సెంటరులో దానికి వారంటీ దొరకదు. తరువాత బాడీ మీది సీరియల్ నంబరు చూడాలి. అది సాధారణంగా అడుగు భాగాన, కొన్ని మోడళ్లలో మడిచే తెర వెనుక ఉంటుంది. ఒకరు కెమెరా మీది చివరి నాలుగు అంకెలు పైకి చదువుతుంటే మరొకరు పెట్టె మీదా, వారంటీ కార్డు మీదా, బిల్లు మీదా వేలు పెట్టి సరిచూడాలి. నాలుగు చోట్లా ఒకే నంబరు ఉన్నప్పుడే డబ్బు కట్టాలి. కొందరు దుకాణదారులు ఈ పనికి చిరాకు పడతారు, మంచి దుకాణదారుడైతే తానే టీ తెప్పించి మీతో కలిసి చదువుతాడు.

బేరం ముగిసే సమయంలో వచ్చే ప్రశ్న ఒకటుంది: "అన్నా, బిల్లుతోనా, బిల్లు లేకుండానా?" డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి 1 నుంచి 28 శాతం కాకుండా 18 శాతం. బిల్లుతో 1,18,000 రూపాయలయ్యే కెమెరాలో 18,000 పన్నే కాబట్టి, బిల్లు వద్దంటే పది పన్నెండు వేలు తగ్గిస్తామన్న మాట చాలామందికి నోరూరిస్తుంది. నేనూ ఒకసారి అలాగే ఒక బాడీ కొన్నాను. ఎనిమిదో నెలలో షట్టరు పోయింది, సర్వీసు సెంటరు కౌంటరులోని అమ్మాయి ఎంతో మర్యాదగా "బిల్లు కాపీ ఇవ్వండి సార్" అంది. మిగిలిందనుకున్న డబ్బు బాగుచేతకే చాల్లేదు. దొంగతనం జరిగితే ఇన్సూరెన్సుకూ, పోలీసులకూ ఆ కాగితమే ఆధారం. సేవలు అందించేవారి వార్షిక టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. అలా నమోదైన ఫొటోగ్రాఫరు తన జీఎస్టీ నంబరు బిల్లులో వేయించుకుంటే కట్టిన 18,000 తాను చెల్లించవలసిన పన్నులో జమ అవుతుంది, అప్పుడు బిల్లు లేని తగ్గింపు కంటే బిల్లు ఉన్న ధరే చవక. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వాణిజ్య పద్ధతి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు అడుగున అచ్చువేసినంత మాత్రాన లోపమున్న సరుకు విషయంలో దుకాణదారుడి బాధ్యత తీరిపోదు. బిల్లులో గడువు ఏదీ లేనప్పుడు 30 రోజుల్లోపు వాపసు నిరాకరించడం కూడా అదే కోవలోకి వస్తుంది.

ఆన్‌లైన్‌లో కొనేవారు చాలామంది సైటు పేరు చూసి నమ్ముతారు, కానీ ఆ పేరు వెనుక సరుకు అమ్మేది వేరొక వ్యాపారి, ఎక్కడో ఒక ఊళ్లోని మరొక దుకాణమే. ఉత్పత్తి పేజీలో చిన్న అక్షరాల్లో ఉండే ఆ అమ్మకందారు పేరు నొక్కి, చిరునామా, రేటింగు, ఎంతకాలంగా అమ్ముతున్నారన్నది చూడాలి; వీలుంటే కెమెరా కంపెనీ ఇండియా వెబ్‌సైటులోని అధీకృత డీలర్ల జాబితాతో సరిపోల్చాలి. ఒకే పేజీలో ఒకే కెమెరాను ముగ్గురు నలుగురు అమ్ముతుంటే, తక్కువ ధర చెప్పిన కొత్త అమ్మకందారు వైపు కొనుగోలు బటను దానంతటదే మారిపోయి ఉండవచ్చు కాబట్టి డబ్బు కట్టే చివరి తెర మీద కూడా పేరు మరోసారి చదవాలి. పేజీలో "బాడీ మాత్రమే" అని ఉందా, లెన్సుతో కలిపిన కిట్టు అని ఉందా, లెన్సు మౌంటు (లెన్సును బాడీకి బిగించే అమరిక) ఏది అన్నవి కూడా అక్కడే చూసుకోవాలి. కానన్ ఆర్ఎఫ్, నికాన్ జడ్ మౌంటులు లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల కోసం 2018లో వచ్చాయి. పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న కెమెరా) లెన్సులు అడాప్టరు సాయంతో కొత్త మిర్రర్‌లెస్ బాడీలకు ఎక్కుతాయి, కొత్త లెన్సులు పాత బాడీలకు ఎక్కవు. కిట్టు పెట్టెలోంచి లెన్సును విడదీసి తెల్ల అట్టపెట్టెలో పెట్టి విడిగా అమ్మడం దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ఉన్న అలవాటే. అది కొత్త లెన్సే అయినా వారంటీ కార్డు దాని వెంట వస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

పండుగ ధరను కాగితం మీద లెక్కవేసి చూడండి. బ్యాంకు కార్డు తగ్గింపు పది శాతమని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, గరిష్ఠంగా ఇన్ని రూపాయలే అన్న పరిమితి కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీని తగ్గింపు రూపంలో సర్దుతారు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగు రుసుము మనకే పడతాయి. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఇవన్నీ కలిపాక ఊళ్లో దుకాణదారుడు చెప్పిన ధరకూ దీనికీ తేడా రెండు మూడు వేలే అయితే నేను దుకాణం వైపే వెళతాను. ఆన్‌లైన్ ధరను ఫోన్లో చూపించి దుకాణంలో బేరమాడడం తప్పేమీ కాదు, కానీ అరగంట సేపు కెమెరాను చేతిలో పట్టుకుని అన్నీ చూపించుకుని, బయటికి వచ్చి మెట్ల మీదే ఆన్‌లైన్ ఆర్డరు పెట్టడం నాకు నచ్చని పని.

డెలివరీ రోజున ఇంట్లో మీరే ఉండేలా చూసుకోండి. డెలివరీ చేసేవారి ఎదుటే పెట్టె తెరిచే సదుపాయం ఉంటే దాన్నే ఎంచుకోవాలి, వస్తువు చూడకముందే ఓటీపీ చెప్పకూడదు. ఆ సదుపాయం లేకపోతే, సీలు విప్పకముందే ఫోన్లో వీడియో మొదలుపెట్టి, చిరునామా చీటీ, పెట్టె ఆరు వైపులా, సీలు, సీరియల్ నంబరు, లోపలి ప్రతి వస్తువూ మధ్యలో ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. మధ్యలో ఆగి మళ్లీ మొదలైన వీడియో ఉన్నా వాదనలో పెద్దగా ఉపయోగపడదు. లోపమున్నా, నకిలీదైనా, పేజీలో చెప్పినట్టు లేకపోయినా అమ్మకందారు వాపసు తీసుకోనని అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి; ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోపు పరిష్కరించవలసిన అధికారి ప్రతి సైటుకూ ఉండాలి.

కార్డులు, బ్యాటరీల దగ్గర మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే నకిలీలు ఎక్కువగా కనబడేది ఈ చిన్న వస్తువుల్లోనే, అది దుకాణమైనా ఆన్‌లైన్ అయినా. నకిలీ మెమరీ కార్డు లోపలి చిప్పును, తనలో ఉన్నది 32 జీబీయే అయినా 128 జీబీ అని కెమెరాకు అబద్ధం చెప్పేలా మార్చి ఉంచుతారు. తలంబ్రాల దాకా అంతా సవ్యంగా రికార్డయినట్టే తెర మీద కనబడుతుంది, 32 జీబీ దాటాక తీసిందంతా ఎక్కడా ఉండదు. కొత్త కార్డును పూర్తిగా నింపి తిరిగి చదివి సరిచూసే ఉచిత ప్రోగ్రాములున్నాయి: విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్, లినక్స్‌లలో ఎఫ్3. పెద్ద కార్డుకు గంటకు పైగా పట్టవచ్చు, అయినా ఆ పరీక్ష కాకుండా ఏ కార్డూ పెళ్లికి తీసుకెళ్లకూడదు. వీడియోకు వీ30 గుర్తున్న కార్డంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు నిలకడగా రాయగలదని అర్థం. పెట్టె మీద పెద్దగా వేసే వేగం తరచుగా చదివే వేగం, రాసేది కాదు. బ్యాటరీల విషయానికి వస్తే, సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జడ్100 అసలు సామర్థ్యం 2280 ఎంఏహెచ్ (ఛార్జి ఎంత నిలుస్తుందో చెప్పే కొలత), కానన్ ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్‌ది 2130. అదే సైజులో మూడు వేలకు పైగా ఉందని అచ్చువేసిన బ్యాటరీ కనబడితే ధర అడగకుండానే పక్కన పెట్టేయండి.

సెకండ్ హ్యాండ్ సరుకును మనిషిని కలవకుండా కొనవద్దు. ఫొటోలు పంపి, బదిలీ అయ్యిందనో కుటుంబంలో ఎవరికో బాగాలేదనో చెప్పి అడ్వాన్సు అడిగేవారితో మాట పెంచుకోకూడదు. డబ్బు వాపసు పంపుతాం, పిన్ను కొట్టమంటే నమ్మకండి, యూపీఐలో డబ్బు రావడానికి పిన్ను కొట్టవలసిన అవసరమే లేదు. కలిసినప్పుడు లెన్సు మూతలు తీసి వెనుకనుంచి ఫోన్ టార్చి వేసి ఏటవాలుగా చూస్తే, వర్షాకాలపు తేమకు పట్టిన ఫంగస్ సాలెగూడు పోగుల్లా కనబడుతుంది. నికాన్ డీఎస్ఎల్ఆర్ ఫైళ్లలో షట్టరు ఎన్నిసార్లు పడిందో ఆ లెక్క ఉంటుంది: డీ750 షట్టరును 1,50,000 సార్లకు, డీ850 షట్టరును 2,00,000 సార్లకు పరీక్షించామని కంపెనీ చెప్పింది. కానన్ ఫైళ్లలో చాలావరకు ఆ అంకె ఉండదు, సర్వీసు సెంటరులో చూపించుకోవాలి. అమెరికా నుంచి బావగారో, జపాను నుంచి స్నేహితుడో తెచ్చే కెమెరాకు అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి. జపానులో అమ్మే సోనీ బాడీల్లో చాలావాటిలో మెనూ జపనీసు భాషలోనే ఉంటుంది.

నా వరకు నేను బాడీ, ప్రధానమైన లెన్సు, ఫ్లాషు ఊళ్లో తెలిసిన దుకాణంలోనే కొంటాను. ముహూర్తం రోజు తెల్లవారుజామున ఫ్లాషు వెలగకపోతే తన షోకేసులోది తీసి "ముందు పెళ్లి కానివ్వు, తరువాత చూద్దాం" అనగల మనిషి అక్కడే ఉంటాడు. స్టాండ్లు, లైటు గొడుగులు, బ్యాగులు, కేబుళ్లు, ఊళ్లో దొరకని అడాప్టర్లు నిశ్చింతగా ఆన్‌లైన్‌లో తెప్పిస్తాను.

తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు. డబ్బు మోసపూరితంగా ఖాతాలోంచి పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు చెప్పాలి. దుకాణాల్లో ఇచ్చే బిల్లులు చాలావరకు థర్మల్ కాగితం మీదివే, రెండు ఎండాకాలాలు గడిస్తే తెల్లకాగితమైపోతాయి. అందుకని కొన్న రోజే బిల్లునూ, సీరియల్ నంబరునూ, దిగుమతిదారు స్టిక్కరునూ ఫొటో తీసి ఈమెయిలుకు పంపుకుని, కంపెనీ సైటులో వారంటీ నమోదు చేసి, ఖాళీ పెట్టెను వారంటీ తీరేదాకా అటక మీద ఉంచండి.