పిల్లల పిప్పిపళ్లు: ఏ గుర్తుకు ఏ వైద్యం

"ఎలాగూ ఊడిపోయే పన్నేగా, దానికి డబ్బులెందుకు?" మావాడికి నాలుగేళ్లప్పుడు పన్ను పుచ్చితే ఇంట్లో వినపడిన మొదటి మాట ఇదే. ముందు పళ్లయితే ఆరేడేళ్లకు ఊడతాయి. దవడ పాలపళ్లు అలా కాదు, పది పన్నెండేళ్ల దాకా నోట్లోనే ఉంటాయి. అంటే వాడు ఇంకో ఆరేళ్లకు పైగా ఆ పన్నుతోనే నమలాలి.

చిగురు అంచున సున్నం రాసినట్టు తెల్లటి గీత

ఎక్కువగా పై ముందు పళ్లకు వస్తుంది. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల్లో మరీ ఎక్కువ. నిద్రలో లాలాజలం తగ్గుతుంది. బ్యాక్టీరియా పాలలోని చక్కెరను ఆమ్లంగా మార్చి ఎనామెల్‌లోని, అంటే పన్ను పైపొరలోని, కాల్షియంను లాగేస్తుంది. ఇంకా గుంట పడలేదు కాబట్టి డ్రిల్లింగ్ లేకుండా పన్ను మళ్లీ గట్టిపడే అవకాశం ఉంది.

డాక్టర్ దగ్గర ఫ్లోరైడ్ వార్నిష్ పూయించండి. ఇంట్లో 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడండి. డబ్బా మీద బొమ్మ కాదు, ఈ అంకె చూడాలి. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా బ్రష్ పట్టాల్సింది మీరే. రాత్రి తోమాక మంచినీళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వకండి.

నల్గొండ వైపు లాగా నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరైతే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ మచ్చలు కూడా తెల్లగానే ఉంటాయి. కాకపోతే అవి చిగురు అంచునే ఆగవు, రెండు వైపులా ఒకేలా పరుచుకుంటాయి.

గుంట, అన్నం ఇరుక్కోవడం, ఐస్‌క్రీమ్ తగిలితే జివ్వుమనడం

పుచ్చు ఎనామెల్ దాటి లోపలి మెత్తటి పొరలోకి వెళ్లింది. రెండు దవడ పళ్ల సందులో మొదలైతే పైకి కనపడదు, ఎక్స్‌రే తీయాల్సిందే.

చిన్న గుంటకు ఫిల్లింగ్ సరిపోతుంది. కుదురుగా కూర్చోని పిల్లలకు సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే మందు పూస్తారు. డ్రిల్లింగ్ లేదు, సూది లేదు, పుచ్చు చాలావరకు ఆగుతుంది. కానీ పూసినచోట బొగ్గులా నల్లబడి అలాగే ఉండిపోతుంది. ముందు పళ్లకైతే ఈ విషయం ముందే మాట్లాడుకోండి.

దవడ పన్ను రెండు మూడు వైపులా పుచ్చితే ఫిల్లింగ్ తరచుగా ఊడుతుంది. అప్పుడు స్టీలు క్యాప్ మేలు. నవ్వితే మెరుస్తుందని మొహమాటపడే అమ్మానాన్నలను చూశాను. పిల్లలకు మాత్రం అదే గొప్ప.

రాత్రి నిద్రలోంచి లేచి ఏడవడం, చిగురు మీద పొక్కు

మేం తప్పు చేసింది ఇక్కడే. తీపి తిన్నప్పుడు లాగి వెంటనే తగ్గితే నరం ఇంకా బాగున్నట్టు. ఏమీ తినకుండానే నొప్పి వస్తే నరం దాకా పాకినట్టు. మావాడు వారం రోజులు ఏడ్చి, ఒకరోజు మానేశాడు. తగ్గిందని సంతోషించాం. నిజానికి నరం చచ్చిపోయింది. రెండు నెలలకు చిగురు మీద చీము పొక్కు లేచింది.

ముందే వెళ్లుంటే పల్పాటమీతో పోయేది. అంటే పాడైన పైభాగం నరం మాత్రం తీసి, మందు పెట్టి, క్యాప్ వేయడం. నరం మొత్తం పోతే పాలపన్నుకూ రూట్ కెనాల్ ఉంది. వేర్లతో పాటు కరిగిపోయే పేస్టు నింపుతారు కాబట్టి కింద వచ్చే పన్నుకు అడ్డు రాదు. యాంటీబయాటిక్ ఒక్కటే వాడితే పొక్కు అణిగి మళ్లీ లేస్తుంది.

మావాడికి ఆ దశ కూడా దాటడంతో పన్ను తీసేశారు. ఆ ఖాళీలోకి పక్కపళ్లు ఒరిగితే శాశ్వత పన్నుకు చోటుండదు. అందుకే స్పేస్ మెయింటైనర్ అనే తీగ అమర్చారు. పన్ను తీయించిన రోజే దాని గురించి అడగండి.

చిగురు మీద లవంగం నూనె పోయకండి, కాలుతుంది. ఆస్పిరిన్ ఇవ్వకండి. బుగ్గ వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఆటలో పడి పన్ను ఊడిపోవడం

పాలపన్నైతే తిరిగి పెట్టకండి, కింద ఉన్న పన్ను దెబ్బతింటుంది. శాశ్వత పన్నైతే వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే పాలతో ఒక్కసారి కడిగి, అదే గుంటలో పెట్టేయండి. పెట్టడం కుదరకపోతే చల్లటి పాలల్లో వేసి అరగంటలోపు డాక్టర్ దగ్గరకు పరుగెత్తండి. నీళ్లలో వేయకూడదు. విరిగితే ముక్కను కూడా తీసుకెళ్లండి, చాలాసార్లు అతికిస్తారు.

ఆరేళ్లప్పుడు అన్నిటికంటే వెనక కొత్త దవడ పన్ను

ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది దీన్నీ పాలపన్నే అనుకుంటారు. ఇది శాశ్వత పన్ను. పైన లోతైన గాడులుంటాయి, అక్కడే పుచ్చుతుంది. బాగా బయటికొచ్చాక ఆ గాడులను సీలెంట్ అనే పూతతో మూయిస్తారు. సూది ఉండదు, పన్నుకు కొద్ది నిమిషాలు పడుతుంది. మా చిన్నదానికి మొన్న వేసవి సెలవుల్లోనే వేయించాం.